అమ్మానాన్నల ఐ-94: అమెరికా రాకపోకల రికార్డు చూసుకునే పద్ధతి, తప్పు పడితే దిద్దించుకునే దారి

"వీసా పదేళ్లకు ఇచ్చారు కదా, అమ్మ ఎనిమిది నెలలు ఉంటే ఏమవుతుంది?" "పాస్‌పోర్టులో ముద్రే వేయలేదు, ఇప్పుడెలా?" "నాన్న వెళ్లి నెలైంది, కానీ వెళ్లినట్టు చూపించడం లేదు." వేసవి వచ్చిందంటే ఈ మూడు ప్రశ్నలూ నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. మూడింటికీ జవాబు ఒకే రికార్డులో ఉంది. దాని పేరు ఐ-94.

అది ఎక్కడ ఉంటుందో, ఎలా తీయాలో, ఏమేం చూడాలో, తప్పుంటే ఎవరిని అడగాలో వరసగా రాస్తున్నాను. ఎక్కువగా బీ-2 (సందర్శకుల వీసా) మీద వచ్చే పెద్దల కోసమే అయినా, హెచ్-1బీ (ఉద్యోగ వీసా), హెచ్-4 (వారి భార్య లేదా భర్త, పిల్లల వీసా) కుటుంబాలు ఏడో భాగాన్ని తప్పకుండా చదవండి.

1. ముందుగా రెండు తేదీలు వేరు చేయండి

పాస్‌పోర్టులో అంటించిన వీసా మీద ఒక గడువు ఉంటుంది. అమెరికా గుమ్మం దాకా ఏ తేదీ లోపు రావచ్చో అది చెబుతుంది. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పదు.

ఉండే గడువును నిర్ణయించేది సరిహద్దు దగ్గర ఆఫీసర్. ఆ తేదీ ఐ-94లో "అడ్మిట్ అంటిల్ డేట్" అనే చోట పడుతుంది. బీ-2 మీద వచ్చినవారికి సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. 2034 దాకా వీసా ఉన్నా, ఐ-94లో అక్టోబర్ 12 అని ఉంటే అక్టోబర్ 12 లోపు విమానం ఎక్కాల్సిందే.

ఎఫ్-1 విద్యార్థుల ఐ-94లో తేదీకి బదులు డి/ఎస్ (విద్యార్థి హోదా ఉన్నంత కాలం) అని ఉంటే, వారి లెక్క చదువుతోనూ, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంతోనూ ముడిపడి ఉంటుంది. తేదీ ఉంటే మాత్రం ఆ తేదీయే లెక్క.

ఒక్కరోజు దాటినా పాస్‌పోర్టులో ఉన్న పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులు దాటి ఏడాది లోపు అక్రమంగా ఉండి వెళ్లినవారు మూడేళ్లు తిరిగి రాలేరు. ఏడాది, అంతకు మించి ఉన్నవారికి పదేళ్ల నిషేధం పడుతుంది. భయపెట్టడానికి కాదు ఈ మాట. "ఏమీ కాదులే, మా వాళ్లు ఉండి వెళ్లారు" అని ధైర్యం చెప్పే బంధువులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు కాబట్టి చెబుతున్నాను.

2. రాక ఎక్కడ పడుతుంది, పోక ఎక్కడ పడుతుంది

రాక సంగతి సులువు. కౌంటర్ దగ్గర ఆఫీసర్ పాస్‌పోర్ట్ స్కాన్ చేస్తారు, ఫొటో తీస్తారు, వేలిముద్రలు అడగవచ్చు. ఆ క్షణమే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్, అంటే సీబీపీ, కంప్యూటర్లో ఐ-94 తయారవుతుంది. విమానంలో వచ్చేవారికి 2013 నుంచి పాస్‌పోర్టులో తెల్లకాగితం పిన్ను చేయడం ఆగిపోయింది. ఇప్పుడు చాలా చోట్ల ముద్ర కూడా వేయడం లేదు. ముద్ర లేనంత మాత్రాన రికార్డు లేనట్టు కాదు.

పోక వేరే రకం. శంషాబాద్‌లో మనం దేశం దాటేముందు ఇమ్మిగ్రేషన్ కౌంటర్ ఉంటుంది. అమెరికా విమానాశ్రయాల్లో వెళ్లేవారికి అలాంటి కౌంటర్ లేదు. ఎయిర్‌లైన్స్ తమ ప్రయాణికుల జాబితాను పాస్‌పోర్ట్ వివరాలతో సహా సీబీపీకి పంపుతుంది. ఆ జాబితాలోని పేరును, నంబర్‌ను పాత రాక రికార్డుతో కంప్యూటర్ జతచేస్తుంది. చాలా గేట్ల దగ్గర ఇప్పుడు కెమెరా కూడా ఉంటుంది. 2025 డిసెంబర్ 26న అమల్లోకి వచ్చిన నిబంధనతో 14 ఏళ్లలోపు పిల్లలకూ 79 దాటిన పెద్దలకూ ఉన్న మినహాయింపు పోయింది. విదేశీయులు ఏ వయసువారైనా వారి ఫొటో తీయవచ్చు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది "జతచేయడం" అన్న మాట. వచ్చినప్పటి పాస్‌పోర్ట్ నంబర్, వెళ్లేటప్పటి పాస్‌పోర్ట్ నంబర్ వేరైనా, పేరు వేరుగా పడినా ఆ జత కుదరకపోవచ్చు. అప్పుడు మనిషి ఇంటికి చేరినా, రికార్డులో ఇంకా అమెరికాలోనే ఉన్నట్టు మిగిలిపోతాడు.

3. బయలుదేరే ముందు ఇంట్లో చేయాల్సిన పని

పాస్‌పోర్ట్ గడువు చూడండి. ఉండబోయే కాలం పోను ఇంకా ఆరు నెలలకు పైగా ఉంటే నిశ్చింత. తక్కువుంటే భారత్‌లోనే రెన్యూవల్ చేయించి బయలుదేరండి. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండూ వెంట తెచ్చుకోవాలి.

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఏజెంట్ "కుమారి", "దేవి" లాంటివి వదిలేసి బుక్ చేస్తే అప్పుడే దిద్దించండి.

చేతి సంచిలో ఉండాల్సినవి:

☐ వీసా ఉన్న పాస్‌పోర్ట్, కొత్త పాస్‌పోర్ట్
☐ తిరుగు టికెట్ ప్రింట్
☐ ఉండబోయే ఇంటి చిరునామా, ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో రాసిన కాగితం
☐ మందుల చీటీ
☐ పాస్‌పోర్ట్ ఫొటో పేజీ, వీసా పేజీ ఫొటోలు పిల్లల ఫోన్లో కూడా

4. కౌంటర్ దగ్గర

అబుదాబి మీదుగా ఎతిహాద్‌లో వచ్చేవారికి అమెరికా తనిఖీ అబుదాబిలోనే జరిగిపోతుంది. పెద్దలకు ఈ సంగతి ముందే చెప్పండి. లేకపోతే అది అబుదాబి వాళ్ల తనిఖీ అనుకుని తడబడతారు.

"ఎన్నాళ్లు ఉంటారు?" అన్న ప్రశ్నకు తిరుగు టికెట్ తేదీకి సరిపోయే జవాబే చెప్పాలి. టికెట్ ఐదు నెలలకు ఉండి "చూడాలి, పిల్లల ఇష్టం" అంటే ఆఫీసర్ ఇంకో పది ప్రశ్నలు వేస్తారు. నిజం చెప్పడమే తేలిక.

తెలుగులో మాట్లాడే మనిషి కావాలని అడగడానికి మొహమాటపడవద్దు. అర్థం కాని ప్రశ్నకు తల ఊపడం కంటే అడగడం నయం. వీల్‌చైర్ తీసుకున్న పెద్దల పాస్‌పోర్టులు సహాయకుడి చేతిలో ఉంటాయి. కౌంటర్ దాటగానే లెక్క చూసి తిరిగి తీసుకోమని చెప్పండి.

5. మొదటి వారంలో ఐ-94 తీయండి

సైట్ చిరునామా: ఐ94 డాట్ సీబీపీ డాట్ డీహెచ్ఎస్ డాట్ జీఓవీ. చివర జీఓవీ లేకపోతే మూసేయండి. ఇదే పని చేసిపెడతామని డబ్బులడిగే సైట్లు వెతుకులాటలో ముందు వరసలో కనిపిస్తాయి. విమానంలో వచ్చినవారు తమ ఐ-94 తీసుకోవడానికి పైసా కట్టక్కర్లేదు.

క్రమం ఇది:

ఒకటి, తాజా ఐ-94 తీసుకునే మీట నొక్కండి. మీది కాకుండా అమ్మానాన్నలది తీస్తుంటే వారికి చెప్పి, వారి అనుమతితో తీయండి.
రెండు, పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబర్, పౌరసత్వ దేశం నింపండి.
మూడు, ఐ-94 కనిపించగానే పీడీఎఫ్‌గా దాచండి, రెండు ప్రింట్లు తీయండి.

దిగిన రోజే కనిపించకపోతే కంగారు పడకుండా రెండు మూడు రోజులు ఆగి చూడండి. అప్పటికీ "రికార్డు లేదు" అంటే పదింట తొమ్మిది సార్లు చిక్కు పేరు దగ్గరే ఉంటుంది. ఇది మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మన పేర్లు పొడవు. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాసుకునే అలవాటు మనది. పాత పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. అలాంటివారి అమెరికా వీసాలో మొత్తం పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. పేరు తెలియదు అని దాని అర్థం.

పాస్‌పోర్ట్ ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలు ఉంటాయి. మెషిన్ చదివేది అదే. మొదటి వరసలో ఐఎన్‌డీ తర్వాత వచ్చేది ఇంటిపేరు. రెండు బాణం గుర్తుల తర్వాత వచ్చేది పేరు. సైట్లో ఆ వరసలో ఉన్నట్టే కొట్టండి.

దొరకకపోతే ఈ వరసలో ప్రయత్నించండి:

☐ పేరులోని అన్ని భాగాలూ పేరు గడిలోనే: "వెంకట సీతా మహాలక్ష్మి" అంటే మూడూ
☐ పేరులో మొదటి భాగం ఒక్కటే
☐ పేరు, ఇంటిపేరు తారుమారు చేసి
☐ పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ, మొత్తం పేరు ఇంటిపేరు గడిలో
☐ రెండు పాస్‌పోర్టులుంటే రెండో దాని నంబర్‌తో
☐ పుట్టిన తేదీలో నెల, రోజు సరిగా ఎంచుకున్నారా అని మళ్లీ చూసి

ఎక్కువమంది చేసే ఇంకో పొరపాటు వీసా మీద ఎర్ర అంకెల్లో ఉన్న నంబర్ కొట్టడం. అది వీసా నంబర్. సైట్ అడిగేది పాస్‌పోర్ట్ నంబర్.

6. ఐ-94లో ఏం చూడాలి

☐ పేరు, పుట్టిన తేదీ
☐ పాస్‌పోర్ట్ నంబర్
☐ దిగిన తేదీ
☐ ఏ తరగతి కింద రానిచ్చారు: బీ2 మీద వచ్చినవారికి బీ2 అనే ఉండాలి
☐ ఏ తేదీ దాకా

తేదీ చదివేటప్పుడు జాగ్రత్త. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత. 10/03 అంటే మార్చి పది కాదు, అక్టోబర్ మూడు. రెండంకెలూ పన్నెండు లోపు ఉన్నప్పుడు మన కళ్లు అలవాటు కొద్దీ తిరగేసి చదువుతాయి. అందుకే ఇంట్లో క్యాలెండర్ మీద నెల పేరు అక్షరాల్లో రాసి పెట్టండి.

ఐ-94 నంబర్‌లో పదకొండు స్థానాలుంటాయి. పదో స్థానంలో అంకె బదులు అక్షరం కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు. 2019 నుంచి అలాగే ఇస్తున్నారు.

ఒక ప్రింట్ ఇంట్లో, ఒకటి అమ్మానాన్నల పర్సులో ఉండాలి. 18 దాటిన విదేశీయులు తమ నమోదు ఆధారాన్ని వెంట ఉంచుకోవాలని చట్టం. ఐ-94 అలాంటి ఆధారమే.

మా అమ్మ రెండోసారి వచ్చినప్పుడు ఆఫీసర్ నోటితో "సిక్స్ మంత్స్" అన్నారు, రికార్డులో మాత్రం మూడు నెలల తేదీ పడింది. ఐదో రోజున చూశాను కాబట్టి తీరిగ్గా దిద్దించుకోగలిగాం. నాలుగో నెలలో చూసి ఉంటే అమ్మ వీసా అప్పటికే చెల్లనిదై ఉండేది. మొదటి వారం అని నేను పట్టుబట్టేది అందుకే.

7. పాస్‌పోర్ట్ గడువు దగ్గర ఐ-94 తెగిపోవడం

హెచ్-1బీ కుటుంబాల్లో అందరికంటే ఎక్కువ ఏమరుపాటు జరిగేది ఇక్కడే. కంపెనీ వేసిన పిటిషన్ 2028 దాకా ఉంది, పాస్‌పోర్ట్ 2026లో ముగుస్తుంది. అలాంటప్పుడు ఆఫీసర్ చాలాసార్లు పాస్‌పోర్ట్ ముగిసే తేదీకే ఐ-94 ఇస్తారు. చేతిలో ఐ-797 (పిటిషన్ మంజూరైందని చెప్పే కాగితం) ఉంది కదా, 2028 దాకా భయం లేదు అని మనం అనుకుంటాం. దేశంలోకి వచ్చింది ఐ-797 తర్వాత కాబట్టి, సాధారణంగా ఆఖరున ఇచ్చిన ఐ-94 తేదీయే చెల్లుతుంది.

పెద్దవాళ్ల కంటే పిల్లల విషయంలో ఇది ఎక్కువ జరుగుతుంది. చిన్నపిల్లలకు మన పాస్‌పోర్ట్ ఐదేళ్లకే ఇస్తారు. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చారు. నాన్నకు, అమ్మకు 2028. చంటివాడికి పాస్‌పోర్ట్ గడువు దాకానే, అంటే వచ్చే జూన్. ముగ్గురూ కలిసే కౌంటర్ దాటారు కాబట్టి తేదీ ఒకటే అనుకుంటారు. ఒక్కొక్కరి ఐ-94 విడివిడిగా తీసి చూడండి, చంటిబిడ్డది కూడా.

తెగిన తేదీ కనిపిస్తే ముందు పాస్‌పోర్ట్ రెన్యూవల్ మొదలుపెట్టండి. ఆ తర్వాత దారులు రెండు. ఆ తేదీ లోపు దేశం దాటి కొత్త పాస్‌పోర్టుతో తిరిగి రావడం ఒకటి. ఇక్కడే ఎక్స్‌టెన్షన్ వేయడం రెండోది: హెచ్-1బీకి కంపెనీ ద్వారా ఐ-129 దరఖాస్తు, హెచ్-4కు ఐ-539 దరఖాస్తు. పాస్‌పోర్ట్ గడువు చూసి ఆఫీసర్ కావాలనే ఇచ్చిన తేదీ కాబట్టి దీన్ని "తప్పు"గా దిద్దమంటే చాలా చోట్ల ఒప్పుకోరు. కంపెనీ లాయర్‌కు ఆ వారమే చెప్పండి.

8. తప్పు నిజంగా తప్పే అయితే

పేరులో అక్షరం, పుట్టిన తేదీ, తరగతి, గడువు తేదీ పొరపాటున తప్పు పడితే దిద్దేది సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసు. ఇవి పెద్ద విమానాశ్రయాల దగ్గర, కొన్ని నగరాల్లో ఉంటాయి. జాబితా సీబీపీ సైట్లో ఉంది. మీరు దిగిన ఊరి ఆఫీసుకే వెళ్లాలని లేదు.

వెళ్లే ముందు ఫోన్ చేయండి. చాలా ఆఫీసులు ఈమెయిల్ మీదే దిద్దుతాయి, కొన్ని అపాయింట్‌మెంట్ అడుగుతాయి. పంపాల్సినవి:

☐ పాస్‌పోర్ట్ ఫొటో పేజీ
☐ వీసా పేజీ
☐ తప్పున్న ఐ-94 ప్రింట్, తప్పు దగ్గర గుర్తుతో
☐ ముద్ర ఉంటే ఆ పేజీ
☐ వచ్చిన విమానం బోర్డింగ్ పాస్
☐ హెచ్, ఎల్ (ఉద్యోగ వీసాల) వారైతే ఐ-797

ఉత్తరం నాలుగు వాక్యాలు మించనక్కర్లేదు: ఎవరు, ఏ రోజు ఎక్కడ దిగారు, ఏం పడింది, ఏం ఉండాలి. మనసులో బాధంతా రాస్తే అసలు విషయం వెతుక్కోవాల్సి వస్తుంది. దిద్దామని జవాబు రాగానే సైట్లో మళ్లీ తీసి చూడండి. పాత ప్రింట్ పారేయకుండా కొత్తదానితో కలిపి పెట్టండి.

ఐ-797 అడుగున వచ్చిన ఐ-94లో తప్పుంటే అది యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే శాఖ) పని. సీబీపీ దాన్ని ముట్టుకోదు.

9. నయాగరా అటువైపు

అమ్మానాన్నలు వస్తే నయాగరా చూపించకుండా పంపే ఇల్లు తక్కువ. కెనడా వైపు నుంచి బాగుంటుందని రెయిన్‌బో బ్రిడ్జి దాటాలనుకుంటే మూడు మాటలు.

కెనడా వీసా విడిగా కావాలి. వెళ్లొస్తే ఆరు నెలలు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయన్నది అపోహ. ముప్పై రోజుల లోపు కెనడా వెళ్లి వచ్చేవారిని సాధారణంగా పాత ఐ-94 మీదే, మిగిలిన కాలానికే రానిస్తారు. తిరిగి వచ్చాక ఐ-94 మళ్లీ ఒకసారి చూడండి.

కెనడా, అమెరికా ఈ సమాచారం పంచుకుంటాయి. మనలాంటి మూడో దేశపు వారు వంతెన మీద కెనడాలోకి అడుగుపెట్టిన రికార్డే అమెరికా నుంచి వెళ్లిన రికార్డుగా 2013 నుంచి చేరుతోంది. మెక్సికోకు రోడ్డు మీదుగా వెళ్లేవారు అలాంటి ఏర్పాటు మీద ఆధారపడకుండా తమ ఆధారాలు తామే దాచుకోవాలి.

10. గడువు దగ్గరపడుతుంటే

తిరుగు టికెట్ ఐ-94 ఆఖరి రోజుకు పెట్టవద్దు. విమానం రద్దయినా, జ్వరం వచ్చినా చేతిలో వారం పది రోజులు ఉండాలి.

కాన్పు ఆలస్యమైందనో, ఆపరేషన్ పడిందనో నిజంగా ఎక్కువ ఉండాల్సి వస్తే, గడువు ముగియకముందే ఐ-539 వేయాలి. కనీసం 45 రోజుల ముందు వేయమని యూఎస్‌సీఐఎస్ సలహా. వచ్చే రసీదు ఐ-797సీ. అది దరఖాస్తు అందిందనే చెబుతుంది, గడువు పెరిగిందని కాదు. సీబీపీ సైట్లో పాత తేదీయే కనిపిస్తూ ఉంటుంది. మంజూరైతే ఆ కాగితం అమ్మ పాస్‌పోర్టులోనే ఉంచండి, తర్వాతి ప్రయాణంలో అడుగుతారు. జవాబు రాకముందే పాత గడువు దాటుతుంటే లాయర్‌తో ఒక గంట మాట్లాడటానికి వెనకాడవద్దు.

11. వెళ్లే రోజు

వచ్చిన పాస్‌పోర్టుతోనే వెళ్లడం అన్నిటికంటే మంచిది. మధ్యలో ఇక్కడే పాస్‌పోర్ట్ మార్చుకుంటే కొత్తది చూపించి, పాతది వెంట ఉంచుకోండి.

☐ చెక్-ఇన్‌లో ఎయిర్‌లైన్స్ ఎక్కించిన పేరు, పాస్‌పోర్ట్ నంబర్ చూడండి
☐ గేటు దగ్గర కెమెరా ముందు టోపీ, మాస్క్ తీయమనండి
☐ బోర్డింగ్ పాస్ ఫోన్లో ఉన్నా కాగితం కూడా అడిగి తీసుకోండి
☐ హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇల్లు చేరాక పారేయవద్దని గట్టిగా చెప్పండి
☐ భారత్‌లో దిగిన ముద్ర పడితే ఆ పేజీ ఫొటో తీయించండి

ఇల్లు సర్దేటప్పుడు ముందు చెత్తబుట్టలోకి పోయేది బోర్డింగ్ పాసే. విమానాశ్రయం నుంచి కారెక్కగానే వాట్సాప్‌లో ఫొటో పెట్టమని నేను మా ఇంట్లో అలవాటు చేశాను.

12. వెళ్లాక రెండు వారాలకు

అదే సైట్లో ప్రయాణ చరిత్ర చూసే మీట ఉంది. గత పదేళ్ల రాకపోకలు అందులో వరసగా కనిపిస్తాయి. ఆఖరి వరసలో పోక తేదీ ఉందా అని చూడండి. ఉంటే స్క్రీన్‌షాట్ తీసి దాచండి.

లేకపోతే ముందు పాత, కొత్త పాస్‌పోర్ట్ నంబర్లు రెండింటితో వెతకండి. ఆ జాబితా చూసుకోవడానికి ఇచ్చిన సౌకర్యమే. అక్కడ పోక కనిపించనంత మాత్రాన ఓవర్‌స్టే (గడువు దాటి ఉండిపోయారన్న) ముద్ర పడినట్టు కాదు. అయినా ఆ రోజు నుంచే ఒక కవరులో ఇవి చేర్చడం మొదలుపెట్టండి:

☐ వెళ్లిన విమానాల బోర్డింగ్ పాస్‌లు అన్నీ, మధ్యలో మారినది సహా
☐ భారత్‌లో దిగిన ముద్ర పేజీ
☐ ఎయిర్‌లైన్స్ ఇచ్చే ప్రయాణ ధ్రువీకరణ. అడిగితే ఈమెయిల్లో పంపుతాయి
☐ దిగిన వారం నుంచి భారత్‌లో జరిగిన లావాదేవీలు: బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆసుపత్రి బిల్లు, పెన్షన్ పనులు

తర్వాత వీసా ఇంటర్వ్యూకు వెళ్లినా, మళ్లీ విమానం దిగినా ఈ కవరు చేతిలో ఉండాలి. పోక నమోదు కాకపోవడం వల్ల నిజంగా ఇబ్బంది ఎదురైతే, అంటే ప్రతిసారీ పక్క గదిలో కూర్చోబెడుతుంటే, డీహెచ్ఎస్ (హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ) ట్రిప్ అనే ఫిర్యాదు వ్యవస్థకు ఆన్‌లైన్లో ఈ కాగితాలతో రాయండి. వారు రిడ్రెస్ కంట్రోల్ నంబర్ ఇస్తారు. తర్వాత టికెట్ బుక్ చేసేటప్పుడు ఆ నంబర్ ఎయిర్‌లైన్స్‌కు ఇవ్వాలి.